గోల్డెన్ వీక్ (జపాన్‌లో ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే వరుస సెలవులు)కి తొత్తొరి కొండగుడికి వెళ్తున్నారా? ముందు తిరుగు బస్సు టైం చూసుకోండి

పోయిన ఆదివారం మాకు తెలిసిన ఒక అబ్బాయి సన్‌బుత్సుజి కొండ మీద జారిపడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. బస్సు పోతుందేమోనని పరుగులాంటి నడకతో దిగాడు. రెండేళ్ళ క్రితం నా కళ్ళ ముందే ఒకమ్మాయి అచ్చం ఇలాగే పడింది, కారణం అదే, బస్సు. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి: జపాన్‌లోని తొత్తొరి రాష్ట్రంలో మిసాసా ఊరి దగ్గర మితోకు కొండ మీద ఉన్న తెందాయ్ శాఖ బౌద్ధాలయం ఇది. పైన కొండచరియ గూట్లో ఇరికించినట్టు చిన్న చెక్క మందిరం ఉంటుంది, పేరు నగెయిరెదో. 706లో ఎన్ నో గ్యోజా అనే తపస్వి దాన్ని మంత్రబలంతో కింద నుంచి విసిరి అక్కడ నిలబెట్టాడని కథ. మనవాళ్ళు కొండగుడి అనగానే తిరుమల మెట్లు ఊహించుకుంటారు. ఇక్కడ ప్రధాన మందిరం దాటాక మెట్లుండవు. చెట్ల వేళ్ళు పట్టుకుని పాకాలి, ఒకచోట ఇనుప గొలుసు పట్టుకుని బండ ఎక్కాలి.

దూరం చూసి మోసపోతారు. పైకి దాదాపు 700 మీటర్లు, ఎత్తు 200 మీటర్లు, అంతే. కానీ పోయి రావడానికి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. జనం ఉన్న రోజు గొలుసు దగ్గరే ఆగిపోతారు. కురాయోషి స్టేషన్ నుంచి వచ్చే బస్సులు చాలా తక్కువ. ఈ రెండూ కలిపి ఆలోచించకుండా పదకొండింటికి తీరిగ్గా బస్సు దిగి, ఫొటోలు తీసుకుని, పైన కూర్చుని, ఆఖరికి టైం చూసుకుని కంగారుగా దిగడం మొదలుపెడతారు. అప్పటికి కాళ్ళు వణుకుతుంటాయి, చెట్ల వేళ్ళు నున్నగా ఉంటాయి. అక్కడే పడతారు. తిరుగు బస్సు టైం నుంచి వెనక్కి లెక్కేసుకోండి, కొండకి మూడు గంటలు పక్కన పెట్టండి. అలా కుదరకపోతే ఆరోజు పైకి ఎక్కొద్దు.

ఒంటరిగా వెళ్తే పైకి పంపరు, కనీసం ఇద్దరుండాలి. పైకి వెళ్ళే అనుమతి మధ్యాహ్నం మూడింటి వరకే. గేటు దగ్గర బూట్ల అడుగు తిప్పి చూస్తారు, పట్టు లేకపోతే అక్కడే గడ్డి చెప్పులు కొనుక్కోమంటారు. కొనుక్కోండి, వాదించొద్దు, అవి తడి వేరు మీద బాగా పట్టుకుంటాయి. ఇనుప ముళ్ళున్న బూట్లు, చేతికర్రలు వద్దు, చెట్ల వేళ్ళు పాడవుతాయి. వాన పడినా మంచు పడినా దారి మూసేస్తారు, చలికాలం మొత్తం మూతే. పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని పైకి తీసుకెళ్ళొద్దు. కింద రోడ్డు పక్కన నగెయిరెదో కనిపించే చోటు ఉంది, అక్కడి నుంచి దణ్ణం పెట్టుకోవచ్చు. చంకలో బిడ్డతో ఎక్కొద్దు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఫోన్ జేబులో. దారిలో వచ్చే మోంజుదో, జిజోదో మందిరాల వసారాలకి పిట్టగోడ లేదు, కింద లోయ. అక్కడ సెల్ఫీ వద్దు, వెనక్కి నడవొద్దు. నీళ్ళు వీపు సంచిలో. ఎలుగుబంటి గంట (చప్పుడుకి ఎలుగులు దూరం జరిగేలా సంచికి కట్టుకునేది) కట్టుకోండి, 2025లో జపాన్‌లో ఎలుగుల దాడుల్లో పదిమందికి పైగా పోయారు. నగెయిరెదో లోపలికి వెళ్ళాలని చూడొద్దు. దెబ్బ తగిలితే అంబులెన్స్‌కి 119. దిగేటప్పుడు గొలుసు దగ్గర బండ వైపు తిరిగి దిగండి, వెనకాలవాళ్ళు తొందరపెడితే పక్కకి జరిగి దారివ్వండి. కిందికి వచ్చాక, ఎక్కేముందు గేటు దగ్గర మెడలో వేసిన పట్టీ తిరిగిచ్చేయండి, లేకపోతే మీరింకా పైనే ఉన్నారనుకుంటారు.

బస్సు పోతే పోనివ్వండి. టాక్సీ పిలవండి. దిగేటప్పుడు మాత్రం పరిగెత్తొద్దు.