డోలు దెబ్బకు ఆంప్లిఫయర్ బొంగురుపోతోందా? పవర్ సప్లైని ఇలా పరీక్షించండి

వీణ పెడితే హాయిగా ఉంటుంది. అదే సెట్‌లో, అదే వాల్యూమ్‌లో డోలు సన్నాయి పెడితే మాత్రం దెబ్బ పడ్డప్పుడల్లా సన్నాయి గొంతు బొంగురుపోతుంది. చాలామంది వెంటనే ఐసీ (శబ్దాన్ని పెంచే చిప్) మారుస్తారు. నేనూ ఒక బోర్డులో రెండు ఐసీలు మార్చాకే మీటర్ పెట్టి చూశాను. లోపం సప్లైలో ఉంది.

శబ్దం 10 డెసిబెల్స్ పెరగాలంటే పది రెట్ల పవర్ కావాలి. డోలు దాన్ని ఒక్క క్షణంలో అడుగుతుంది. సప్లై అందించలేకపోతే వోల్టేజీ పడిపోయి, శబ్దం పైఅంచులు తెగిపోతాయి. 25 వోల్టులు 20కి దిగితే పవర్ 64 శాతమే మిగులుతుంది.

18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య వైరుకు రెండు పక్కలా 18 వోల్టుల ఏసీ ఇచ్చేది) ఉన్న సెట్‌నే తీసుకుందాం. ప్లగ్ పీకేసి, మల్టీమీటర్ నల్ల క్లిప్పు గ్రౌండ్‌కు, ఎర్రది పెద్ద కెపాసిటర్ ప్లస్‌కు తగిలించండి. డీసీ 200 రేంజ్‌లో పెట్టి స్విచ్ వేయండి. ఇక లోపల చెయ్యి పెట్టొద్దు. పాట లేనప్పుడు 25కి అటూఇటూ చూపిస్తుంది. డోలు మోగేటప్పుడు ఒక వోల్టు దిగితే పర్వాలేదు. నాలుగైదు దిగుతుంటే దొంగ దొరికినట్టే. డిజిటల్ మీటర్ నెమ్మది కాబట్టి అసలు పతనం ఇంకా ఎక్కువే.

ఇప్పుడు మళ్లీ ప్లగ్ పీకి, క్లిప్పులు ట్రాన్స్‌ఫార్మర్ 18 వోల్టుల వైర్లకు మార్చి, ఏసీ రేంజ్‌లో అదే పాట పెట్టండి. ఇంటి కరెంటు నిలకడగా ఉండగా ఇక్కడ కూడా బాగా పడుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ చాలట్లేదు. 3 ఆంపియర్లది తీసి 5 ఆంపియర్లది వేయండి. 4 ఓమ్‌ల స్పీకర్లు 8 ఓమ్‌ల వాటికి రెట్టింపు కరెంటు లాగుతాయని మరవద్దు.

ఏసీ నిలబడి డీసీ మాత్రమే పడుతుంటే కెపాసిటర్లను, ఏసీని డీసీగా మార్చే డయోడ్ల బ్రిడ్జ్‌ను చూడాలి. 2 ఆంపియర్లు లాగితే 4700 మైక్రోఫారడ్ల మీద 4 వోల్టుల దాకా రిపుల్ (డీసీలో ఎగుడుదిగుడు) వస్తుంది, 10,000 వేస్తే సగమవుతుంది. 50 వోల్టులవే కొనండి. పాతవి విప్పే ముందు 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఒక్కో కెపాసిటర్ కాళ్లకు ఒక నిమిషం ఆనించి డిశ్చార్జ్ చేయండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం ప్రమాదం. ప్లస్, మైనస్ తారుమారైతే కెపాసిటర్ పేలుతుంది.

పాట లేకుండానే 20 చూపిస్తే? ఇంట్లో లో వోల్టేజీ ఉందేమో చూడండి. 190 వోల్టులే వస్తుంటే ఏ కెపాసిటరూ ఆదుకోదు, స్టెబిలైజర్ పెట్టాల్సిందే. పని అయ్యాక అదే పాట, అదే వాల్యూమ్‌లో మీటర్ పెట్టి మళ్లీ చూడండి.