నాయకుడి మాట నిజమా కాదా: విశ్వాసి తూచి చూసే పద్ధతి

మాది జమ్మలమడుగు దగ్గరి పల్లె. ఎన్నికలొచ్చాయంటే మా చర్చి సంఘంలోనూ అన్నిచోట్లా జరిగేదే జరుగుతుంది. ఆదివారం పక్కపక్కన కూర్చుని ప్రభువు బల్లలో పాలుపొందినవాళ్లే సోమవారం ఒకరి నాయకుణ్ణి ఒకరు దొంగ అంటారు, మన నాయకుడు చెప్పిన అబద్ధాన్ని మాత్రం "రాజకీయమన్నాక తప్పదులే" అని వదిలేస్తాం. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ రెండో మాట. ఎదుటి పార్టీవాడి అబద్ధం పట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు, మనం ఓటేసేవాడిది పట్టుకోవడమే కష్టం. కాబట్టి నేను కింద రాసేవన్నీ ముందు మీకు నచ్చిన నాయకుడి మీదే పెట్టి చూడండి.

మొదట ఒక నోటుబుక్కు కొనుక్కోండి. నాయకుడు ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాయండి, ఎప్పుడన్నాడు, ఎక్కడన్నాడు, ఎంత ఖర్చు, ఎన్నాళ్లలో అన్నాడో కూడా. మనకు గుర్తుండేది ఆయన అన్న మాట కాదు, మనం వినాలనుకున్న మాట. మా జిల్లా ఉక్కు ఫ్యాక్టరీ సంగతే చూడండి. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌లో కడపకు ఉక్కు ఫ్యాక్టరీ ఇచ్చేశారని ఎన్ని సభల్లో విన్నానో లెక్కలేదు. చట్టంలో ఉన్నదేమంటే, ఫ్యాక్టరీ పెట్టడానికి వీలుంటుందో లేదో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని. పరిశీలించడం వేరు, కట్టడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పిన నాయకుడు ఏ పార్టీవాడైనా మనకు పూర్తి నిజం చెప్పలేదు. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు" అని ప్రభువు చెప్పింది (మత్తయి 5:37) ఇలాంటి చోటే గుర్తుకు రావాలి.

తరువాత ఆ మాటకు లెక్క కట్టండి. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగాడు (లూకా 14:28). పునాది వేసి ముగించలేకపోతే చూసినవాళ్లంతా ఎగతాళి చేస్తారని కూడా అన్నాడు. ఆ వచనం చదివినప్పుడల్లా నాకు మా వైపు శంకుస్థాపన రాళ్లే కళ్లముందుకొస్తాయి. 2007లో రాజశేఖర రెడ్డి గారు బ్రహ్మణి స్టీల్స్‌కు, 2018 డిసెంబరులో చంద్రబాబు గారు కంబాలదిన్నె దగ్గర, 2019 డిసెంబరులో జగన్ గారు సున్నపురాళ్లపల్లె దగ్గర, మళ్లీ 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్లపల్లెలో. ఉద్యోగమొస్తుందని ఆశపడి ఐటీఐ చదివిన పిల్లలు బెంగళూరుకు పోయి సెక్యూరిటీ గార్డులుగా చేస్తున్నారు, వాళ్ల అమ్మలు మా ప్రార్థన కూటాలకు వస్తారు. అందుకే ఈసారి ఎవరైనా రాయి వేస్తే చప్పట్లు కొట్టే ముందు అడగండి: డబ్బు ఎవరు పెడతారు, నీళ్లు ఎక్కడివి, ఖనిజం ఎక్కడిది, మొదటి జీతం ఏ ఏడాది ఇస్తారు?

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నెరవేరని ప్రతి మాటా అబద్ధం కాదు. కోర్టు అడ్డుపడొచ్చు, నిధులు రాకపోవచ్చు, ప్రభుత్వమే మారిపోవచ్చు. కాదని తెలిసి కూడా అవునని చెప్పి నమ్మించడం అబద్ధం. తేడా ఎలా తెలుస్తుందంటే, పని జరగనప్పుడు ఆయన ఏమన్నాడో చూడండి. "చేయలేకపోయాను, కారణం ఇది" అన్నాడా, లేక "నేను ఆ మాట అననే లేదు" అన్నాడా? మొదటివాడి మీద కోపం వచ్చినా నమ్మకం పూర్తిగా పోనక్కర్లేదు. రెండోవాడి కోసమే ఆ నోటుబుక్కు. తెలియకుండా ఒకరిని అబద్ధికుడు అంటే అబద్ధసాక్ష్యం పలికిన పాపం మన మీదికే వస్తుంది.

అభ్యర్థి అఫిడవిట్ తప్పకుండా చదవండి. ఫారం 26 అంటారు, నామినేషన్‌తో పాటు ఇస్తారు, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆయన పేరు మీద, భార్య పేరు మీద, ఆయన మీద ఆధారపడినవాళ్ల పేరు మీద ఉన్న ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ అందులో ఉండాలి. పోయినసారి ఇచ్చింది, ఈసారి ఇచ్చింది పక్కపక్కన పెట్టుకుని చూడండి, ఐదేళ్లలో ఎంత పెరిగిందో, ఆయన చూపించిన ఆదాయానికి అది సరిపోతుందో లేదో. కేసు ఉన్నంత మాత్రాన నేరస్తుడు కాడు, కానీ దాచాడంటే అది వేరే సంగతి. తెలిసి తప్పుడు వివరాలిచ్చినా, దాచినా 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. సమూయేలు పెద్దవాడైపోయాక జనం ముందు నిలబడి, ఎవరి ఎద్దునైనా, ఎవరి గాడిదనైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా చెప్పండి అని అడిగాడు (1 సమూయేలు 12:3). నాయకుడు లెక్క చెప్పడమంటే అదీ.

ఫోన్‌లో వచ్చిన దాని గురించి నా సొంత తప్పు చెప్తాను. ఒక ఎన్నికలప్పుడు, మాకు నచ్చని అభ్యర్థి చర్చిల గురించి చెడుగా మాట్లాడినట్టు ఒక చిన్న వీడియో వస్తే, నేను సరిచూడకుండా, అడగకుండా మా సంఘం గ్రూపులో పెట్టేశాను. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఒక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, చీర కొంగులో ఫోన్ పట్టుకుని, "ఇది ముందు, వెనక చూసినావా నాయనా?" అని మెల్లగా అడిగింది. చూడలేదు. ఇంటికెళ్లి పూర్తి ప్రసంగం వెతికి వింటే, ఆయన వేరేవాళ్లు అన్న మాట చెప్పి, అది తప్పు అంటున్నాడు, ఆ "తప్పు" అన్న ముక్క దగ్గరే వీడియో కత్తిరించారు. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే అదే గ్రూపులో "నేను పెట్టింది అబద్ధం, క్షమించండి" అని రాసి, పూర్తి ప్రసంగం కూడా పెట్టాను. వాది మాట మొదట న్యాయంగానే కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేటపడుతుంది అని సామెతలు 18:17 చెప్తుంది. కాబట్టి పూర్తి వీడియో వినండి, తేదీ చూడండి, ఎదుటివాడి జవాబు చదవండి, అంతవరకు ఎవరికీ పంపొద్దు. పంపేసి ఉంటే, ఎంతమందికి పంపారో అంతమందికీ దిద్దుబాటు పంపండి.

చర్చికి వచ్చే నాయకుల గురించి పాస్టర్లకూ పెద్దలకూ ఒక మాట. ప్రార్థన చేయమని అడిగితే చేయండి, అధికారుల కోసం ప్రార్థించమని పౌలే తిమోతికి రాశాడు. మైకు మాత్రం ఇవ్వకండి. ఎన్నికల నియమావళి ప్రకారం కూడా ప్రార్థన స్థలంలో ప్రచారం చేయకూడదు. అహాబు రాజు చుట్టూ నాలుగు వందల మంది ప్రవక్తలు "వెళ్లు, గెలుస్తావు" అన్నారు, మీకాయా ఒక్కడే నిజం చెప్పి జైలుకు పోయాడు (1 రాజులు 22). ప్రహరీ గోడ కట్టిస్తానన్నవాడికి దండ వేసి "దైవజనుడు" అని పొగిడితే మనం ఆ నాలుగు వందల మందిలో చేరినట్టే.

బైబిల్లో రాహాబు అబద్ధమాడలేదా, ఐగుప్తులో హెబ్రీ మంత్రసానులు ఆడలేదా అని కొందరు అడుగుతారు. వాళ్లు చంపేవాళ్ల చేతిలోంచి ప్రాణాలు కాపాడారు. ఓట్ల కోసం ఆడిన అబద్ధానికి ఆ కథలు అడ్డం పెట్టడం నాకు అస్సలు సమ్మతం కాదు.

ఇక ఓటుకు ఇచ్చే నోటు. తీసుకుని మనకు నచ్చినవాడికే వేస్తాం కదా అంటారు మా వాళ్లు. పుచ్చుకున్నా చట్టప్రకారం నేరమే, ఏడాది దాకా జైలుండొచ్చు. చట్టం పక్కన పెట్టినా, ఒకడికి మాట ఇచ్చి ఇంకొకడికి వేసినవాడు ఐదేళ్లు ఏ నోటితో నాయకుణ్ణి నిజం చెప్పమని అడుగుతాడు? కూలి పని లేని రోజున ఆ డబ్బు ఎంత పెద్దదో నాకు తెలుసు. అందుకే మా సంఘంలో పేద ఇళ్లకు ఆ వారం బియ్యం, సరుకులు మేమే పంచుతాం, తీసుకోవద్దని ఊరికే చెప్తే సరిపోదు.

అబద్ధం పట్టుకున్నాక ఏం చేయాలి? దావీదు రాజు తప్పు చేస్తే నాతాను ప్రవక్త ఆయన్ను బజారులో తిట్టలేదు, ఆయన ముందు నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. నలుగురు కలిసి వెళ్లండి, నోటుబుక్కు తీసుకెళ్లండి, తేదీ చూపించి మర్యాదగా అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి: ఫలానా పనికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చైంది, పని ఎంతవరకు వచ్చింది. ముప్పై రోజుల్లో సమాధానం ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో కూడా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

మాట నిలబెట్టుకుంటే అదీ అదే పుస్తకంలో రాయండి. మా సమాధుల తోటకు దారి వేయిస్తానన్న ఒకాయన వేయించాడు, మాలో సగం మంది ఆయన పార్టీకి ఓటు వేయనివాళ్లం. అయినా ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కలిసి ఆయన ఇంటికెళ్లి, చెప్పినట్టే చేశారని ఆ పేజీ తీసి చూపించి వచ్చాం.