జ్ఞానదంతం తీయించుకున్నాక కొబ్బరిబోండాం తెచ్చిన తంటా

కింద కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది. చిగురు కోసి, పన్నును 2 ముక్కలు చేసి తీశారు. నల్ల సిల్కు దారంతో 3 కుట్లు. బుగ్గ బూరెలా పొంగింది గానీ నొప్పి మాత్రలకు లొంగింది.

మూడో రోజు హాయిగా ఉందని కొబ్బరిబోండాం తెప్పించుకుని స్ట్రా పెట్టి లాగేశాను. ఆ రాత్రి దవడ నుంచి చెవిలోకి ఒకటే సలుపు, నోట్లో పాడు వాసన. అద్దం ముందు టార్చి వేసుకుని చూస్తే, కుట్ల పక్కన ముదురెరుపు నెత్తుటి గడ్డ ఉండాల్సిన చోట పాలిపోయిన ఎముక!

డాక్టరమ్మ చూడగానే "డ్రై సాకెట్" అన్నారు. గుంతలో గడ్డకట్టిన నెత్తురే ఎముకకు మూత. స్ట్రాతో పీల్చినా, గట్టిగా ఉమ్మినా, సిగరెట్ తాగినా ఊడిపోవచ్చట. సెలైన్‌తో కడిగి, లవంగనూనె వాసనొచ్చే మందు గాజుగుడ్డకు పట్టించి గుంతలో కూరారు. అరగంటలో సలుపు సగానికి దిగింది. రెండ్రోజులకోసారి మార్చారు, 3 సార్లు.

ఇంట్లో తిన్న ప్రతిసారీ గోరువెచ్చని ఉప్పునీళ్ళు. పుక్కిలించడం కాదు, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, మెల్లగా జారవిడవడమే. అమ్మ పసుపు అద్దమంది. పుండులో పొడి కూరుకోనని మొండికేశాను. చల్లారిన పెరుగన్నం మెత్తగా పిసుక్కుని ఎడమవైపే తిన్నాను.

8వ రోజున కుట్లు విప్పారు. పైన చిగురు మూసుకోవడానికి 4 వారాలు పట్టింది; లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుందట. చిగురు మూసుకునేదాకా గుంతలో ఇరుక్కున్న మెతుకుల్ని, డాక్టరమ్మ ఇచ్చిన వంకరమూతి సిరంజితో నీళ్ళు కొట్టి కడిగేదాన్ని.