అపాస్ట్రఫీ ఎక్కడ? ముందు ‘ఎవరిది?’ అని అడగండి

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పైన ఇంగ్లీషు. ఒడిశాలోని మా పర్లాకిమిడి పిల్లలకు, ఇంగ్లీషులో ‘ఎవరిది’ అని చెప్పే అపాస్ట్రఫీ (’, పైకామా) ఎస్‌కు ముందా, తర్వాతా అన్న టెన్షన్ ఉంటుంది. మా పాపకు ఇలా చెప్పాను, కుదిరింది.

ముందు తెలుగులో ‘ఎవరిది?’ అని అడగాలి. ‘అమ్మాయిది’ అయితే గర్ల్, ‘అమ్మాయిలది’ అయితే గర్ల్స్. ఆ మాట పూర్తిగా రాసి, ‘ది’ వచ్చే చోటే గుర్తు పెట్టాలి. బహువచనం ఎస్‌తోనే ముగిస్తే అక్కడితో ఆపేయాలి: గర్ల్స్’. లేదంటే గుర్తు తర్వాత ఎస్ చేర్చాలి: గర్ల్’స్, చిల్డ్రన్’స్. మన దగ్గర ఎక్కువగా కనిపించే దాస్‌కు మాత్రం దాస్’, దాస్’స్ రెండూ చెల్లుతాయి.

ఇట్స్, హర్స్ లాంటి సర్వనామాల దగ్గర ఇది పనిచేయదు. ‘దానిది’ అనే ఇట్స్‌కు గుర్తు ఉండదు. పెడితే ‘ఇట్ ఈజ్’ అయిపోతుంది. హర్స్, యువర్స్‌కూ పెట్టకూడదు.