ఇసుకలో ప్రాణులు, 3వ పాఠం: చెలమ తవ్వి చూద్దాం

పోయినసారి సన్న నైలాన్ జాలీని డబ్బాకి బిగించుకున్నాం కదా, దాంతో ఇవాళ ఏటికి పోదాం. మనం వెతికేవి ఒక మిల్లీమీటరు జల్లెడలోంచి జారిపోయి, 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) జాలీ మీద ఆగే జీవులు: నెమటోడ్లు (దారంలాంటి సన్న పురుగులు), రోటిఫర్లు (తలమీద చక్రంలా కదిలే నూగుండే సూక్ష్మప్రాణులు), కోపెపాడ్లు (రొయ్యలకి చుట్టాలైన బుల్లి ప్రాణులు). ఇసుక రేణువుల మధ్య సందులే వాటి ఇల్లు.

ఏటికి ఆనకట్ట కడితే మొట్టమొదట దెబ్బతినేవి ఆ సందులే. ఎగువన నీళ్లు నిలిచిపోయి ఒండ్రు దిగుతుంది, సందులు పూడుకుపోతాయి, లోపలికి ఆక్సిజన్ అందదు. దిగువకేమో కొత్త ఇసుక రాదు, గేట్లెత్తినప్పుడు ఉన్న సన్న ఇసుక కూడా కొట్టుకుపోతుంది, దించితే మిగిలింది ఎండిపోతుంది. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది, అంతకుముందు అక్కడే 1855 నాటి ఆనకట్ట ఉండేది, కాబట్టి "కట్టకముందు ఎలా ఉండేది" అని పోల్చి చూసే అవకాశం మనకి లేదు. ఎగువనీ దిగువనీ పోల్చుకోవడమే దారి.

గేట్లెత్తే రోజుల్లో మాత్రం ఏట్లోకి దిగొద్దు.

నీటి అంచుకి ఒక మీటరు దూరంలో చేత్తో చెలమ తవ్వండి. వేసవిలో మన పెద్దవాళ్లు తాగేనీళ్ల కోసం తవ్విన చెలమే ఇది, శాస్త్రవేత్తలు కూడా ఇదే పని చేసి కరమన్-షాప్వీ పద్ధతి అంటారు. ఊరిన నీళ్లని చెంబుతో తోడి పది లీటర్లు జాలీలో వడకట్టండి. తోడేసిన చెలమ మళ్లీ నిండడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి, ఇది మర్చిపోవద్దు. శుభ్రమైన ఇసుకలో చకచకా ఊరుతుంది, ఒండ్రు పట్టిన చోట నెమ్మదిగా, ఒక్కోసారి అడుగు నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది.

తర్వాత గుప్పెడు ఇసుక బకెట్‌లో వేసి, బియ్యం గాలించినట్టే గాలించండి. రేణువులు గబుక్కున దిగుతాయి, ప్రాణులు కాసేపు తేలతాయి, ఆ పైనీళ్లని జాలీలోకి వంచేయాలి. అయిదారుసార్లు చేయండి.

జాలీలో మిగిలినదాన్ని నల్ల ప్లేటులో పోసి పక్కనుంచి టార్చి వేయండి. తెల్లటి దారప్పోగు ముక్కలాంటిది మెలికలు తిరుగుతూ కనిపిస్తే మైక్రోస్కోపు కింద పెట్టండి. పొడుగ్గా, రంగు లేకుండా, కాళ్లతో, కళ్లు లేకుండా ఉంటే అది ఇసుకలో బతికే కోపెపాడ్ కావచ్చు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి గారు మన నదుల ఇసుకలోంచే ఇలాంటి కొత్త జాతుల్ని లోకానికి చూపించారు. ఇవి పెట్టే గుడ్లు చాలా తక్కువ, ఈదుకుంటూ దూరాలు పోవు. ఒక ఇసుకమేట పోయిందంటే మళ్లీ చేరుకోవడానికి ఎంతకాలం పడుతుందో! నాకు బాధ కలిగేది అక్కడే.

లెక్కపెట్టేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. ఒండ్రులో నెమటోడ్లు కుప్పలుగా ఉండొచ్చు, అందుకని అక్కడ అంతా బాగుందనుకోకండి, ఎన్ని అన్నది కాదు, ఎన్ని రకాలు అన్నది చూడాలి. నిలవనీటిలో తేలే రోటిఫర్లు కూడా గేట్ల మీదుగా దిగువకి కొట్టుకొస్తాయి, వాటిని ఇసుకవాసుల్లో కలపొద్దు.

వచ్చే పాఠానికి ఎగువన ఒక చెలమ, దిగువన ఒక చెలమ, రెండింటి సమయాలూ రాసుకుని రండి. పట్టినవాటిని నీడలో ఉంచి, అదే రోజు చూసి, తెచ్చిన చోటే వదిలేయండి.