పాత మిద్దె ఇంటిని దాని తీరు చెడకుండా బాగుచేసుకోవడం ఎలా?

చంద్రగిరిలోనో, తిరుపతి, చిత్తూరు పాత వీధుల్లోనో మీకు తాతల నాటి మిద్దె ఇల్లు ఉంటే, మేస్త్రిని పిలిచే ముందు ఒక వానాకాలం ఆగండి. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో తడి ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద సుద్దముక్కతో గీసి, పక్కనే తేదీ వేయండి. కింద నుంచి ఎక్కే తడి నేలది. పైనుంచి దిగేది కప్పుదో, తూముదో. ఇది తేలకుండా పెట్టే ఖర్చంతా దండగ.

తర్వాత కప్పు. మద్రాస్ టెర్రస్ అనే పాత తరహా మిద్దె కప్పులో టేకు దంతెల (అడ్డ దూలాల) మీద పల్చటి ఇటుకలను ఐమూలగా, అంచు మీద నిలబెట్టి సున్నంతో పేరుస్తారు. పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొడతారు. దంతె నడుమ బాగానే కనిపిస్తుంది, పుచ్చేది గోడలోకి దూరిన చివర. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మెత్తగా దిగబడితే సపోర్టులు పెట్టించి, ఇంజనీరుకు చూపించండి. చాలాసార్లు పుచ్చిన కొస మటుకు కోసి కొత్త టేకు అతికిస్తే సరిపోతుంది, కప్పంతా దించనక్కర్లేదు.

గోడల దగ్గర మేమే పొరపాటు చేశాం. ఉత్తరం గోడకు సిమెంటు పూయించాం. రెండో వానాకాలానికి పూత ఉబ్బింది, వేలితో కొడితే డొల్లగా మోగింది. ఊడదీస్తే వెనక ఇటుక పిండిలా రాలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సున్నం గోడ తడిని పీల్చుకుని మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడీ ఉప్పూ ఇటుకలోనే ఉండిపోయి దాన్ని తినేస్తాయి.

కాబట్టి పాత గోడకు సున్నమే. వదులైన పూతంతా తీసేసి, ఇటుకల సందులు అంగుళం లోతు గీకి, గోడను బాగా ఆరనివ్వండి. నీళ్లలో రెండు వారాలైనా నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు కలపండి. పాత మేస్త్రీలు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కూడా పోసేవారు. గోడ తడిపి పల్చగా రెండు పూతలు వేయించి, వారం రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. బట్టీలో కాల్చిన సున్నం రాయి నీళ్లలో పడగానే కుతకుతలాడుతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. ఈ పని నిదానంగానే సాగుతుంది, తొందరపెట్టొద్దు. ఇంట్లోవాళ్లకు నమ్మకం కుదరకపోతే చంద్రగిరి రాజమహల్‌కు తీసుకెళ్లండి. రాయి, ఇటుక, సున్నంతో కట్టిందే అది.

గదులు చాలకపోతే పాత మిద్దె మీద కాంక్రీటు అంతస్తు వేయకండి, ఆ గోడలు దానికోసం కట్టినవి కావు. పెరట్లో వేరే పునాది, వేరే పిల్లర్లతో కట్టి, పాత గోడకూ కొత్తదానికీ మధ్య అంగుళం సందు వదలండి. వాన దిగకుండా ఆ సందుకు పైన రేకు బిగించాలి. కొత్త కప్పు పాతదానికంటే కాస్త తగ్గి ఉంటే వీధిలోంచి ఇల్లు ఇల్లులాగే కనిపిస్తుంది. బాత్‌రూములు, నీళ్ల పైపులు అన్నీ కొత్త భాగంలోనే. కరెంటు వైర్లకు పాత గోడ తొలవకుండా పైనే పైపు వేయించండి. ప్లాను అనుమతి ముందే తీసుకోండి.

కారు కోసం తిన్నె కొట్టేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. తలుపులకు పట్టిన రంగుల పొరలు తీసి అవిసె నూనె రాస్తే చాలు. గడప మధ్యలో మూడు తరాల కాళ్లకు అరిగిన పల్లం ఉంటుంది, వడ్రంగి చిత్రిక తీసుకునేలోపే దాని సంగతి చెప్పి ఉంచండి.