కొమ్మకు వేలాడే తేనెటీగల గుంపును పెట్టెలోకి చేర్చేటప్పుడు

పాత పట్టును విడిచి వచ్చి కొమ్మకు గుత్తిగా వేలాడే తేనెటీగలు కడుపు నిండా తేనె తాగి ఉంటాయి. కాపాడుకోవలసిన పిల్లలు గాని, నిల్వలు గాని వాటికి ఉండవు కనుక సాధారణంగా శాంతంగానే ఉంటాయి. అయినా ముఖానికి వల, చేతులకు తొడుగులు లేకుండా దగ్గరకు వెళ్లకూడదు. పెట్టెను సరిగ్గా గుత్తి కిందికి చేర్చి, కొమ్మను ఒక్కసారి గట్టిగా కుదపాలి. మెల్లగా ఊపితే ఈగలు చెదిరి గాలిలోకి లేస్తాయి.

తరువాత పెట్టెను ఆ చెట్టు కిందనే నీడలో ఉంచి, ద్వారాన్ని ఓపికగా గమనించండి. ఈగలు పొట్ట చివరను పైకెత్తి, రెక్కలు ఆడిస్తూ మిగతావాటిని లోపలికి పిలుస్తున్నాయంటే రాణి ఈగ లోపలే ఉందని దాదాపుగా నమ్మవచ్చు. అవన్నీ తిరిగి కొమ్మ మీదికే చేరుతున్నాయంటే రాణి అక్కడే మిగిలిపోయిందన్నమాట, మళ్లీ కుదపవలసిందే. కొత్తవారు చేసే పెద్ద పొరపాటు, నా దృష్టిలో, పెట్టెను వెంటనే తీసుకుపోవడం. చోటు వెతకడానికి వెళ్లిన ఈగలు కూడా తిరిగి చేరేలా చీకటి పడేదాకా ఆగాలి.

కొత్త చోట, ఆరోగ్యంగా ఉన్న మరో పెట్టె నుంచి ఈగలు పట్టు కట్టుకునే చట్రాల్లో లేత పిల్లపురుగులున్నదాన్ని ఒకటి తెచ్చి ఉంచగలిగితే, వాటిని వదిలి గుంపు లేచిపోయే అవకాశం బాగా తగ్గుతుంది.